చీనీ తోటకు పాత మినీ ట్రాక్టర్: కొనేముందు ఏం చూడాలి, ఎట్లా చూడాలి

పాత మినీ ట్రాక్టర్ కొనాలని మనసులో పడిందంటే దళారీకి ఫోన్ కొట్టే ముందు ఒక టేపు పట్టుకుని మీ తోటలోకి పోండి. చీనీ (బత్తాయి) మొక్కలు 20 అడుగుల ఎడంతో నాటాం కదా, ఏ బండైనా పడుతుందిలే అనిపిస్తుంది. చెట్టుకు పదేళ్లు నిండాక చూడండి. అటు కొమ్మలు ఇటు, ఇటు కొమ్మలు అటు చాచుకుని నడుమ మిగిలేది ఆరేడు అడుగులే. అందులోనే డ్రిప్ లాటరల్ పైపు, అందులోనే పాదు గట్టు. కాయ బరువుకు కొమ్మలు నడుము ఎత్తుకు దిగి ఉంటాయి.

మూడు కొలతలు తీసుకోండి. సాలు నడుమ మిగిలిన వెడల్పు, వంగిన కొమ్మ నేలకు ఎంత ఎత్తులో ఉందో, సాలు చివర నుంచి కంచె దాకా బండి తిప్పుకోవడానికి ఎంత జాగా ఉందో. కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. బండి చూడ్డానికి పోయిన ప్రతిచోటా ఆ కాగితం తీయాలి. నేను మొదటిసారి ఈ పని చేయలేదు. బండి వెడల్పు చూసుకున్నాను గానీ, నిటారుగా నిలబడిన సైలెన్సర్ గొట్టాన్ని పట్టించుకోలేదు. మొదటి రోజే రెండు సాళ్లలో కొమ్మలు గీసుకుపోయి, వేడి పొగకు పిందెలు వాడిపోయాయి. మా నాయన ఒక్క మాటే అన్నాడు: "ఏమప్పా, ట్రాక్టర్ తెచ్చినావా, కొడవలి తెచ్చినావా?" తోటల కోసం చేసిన మోడళ్లలో సైలెన్సర్ కిందికో పక్కకో వంగి ఉంటుంది. లేకపోతే మేస్త్రీ చేత మార్పించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.

ఏ పనికి కొంటున్నారు?

చలిదేశాల్లో ఇంటి వెనక వాడే చిన్న ట్రాక్టర్లు ఎండాకాలమంతా పచ్చిక కోస్తాయి, చలికాలం రాగానే ముందర బ్లేడు తగిలించుకుని వాకిట్లో మంచు తోస్తాయి. ఒకే బండి, రెండు పనులు. అక్కడ పాత బండి కొనేవాడు చూసుకునే లెక్క మనకూ పనికొస్తుంది. గడ్డి కోయాలంటే పీటీఓ, అంటే వెనక తగిలించిన సామానును తిప్పే షాఫ్టు, బాగుండాలి. తోయాలంటే బండికి బరువుండాలి, టైరుకు పట్టుండాలి. మనకు మంచు లేదు, మట్టి ఉంది. ముంగారు వానకు కొట్టుకొచ్చిన మట్టిని సర్దాలి, పాదులు సరిచేయాలి, గట్లు ఎగదోయాలి. అంతకన్నా ఎక్కువసార్లు గడ్డి కోయాలి.

గడ్డి అన్నాను, దున్నడం అనలేదు. చీనీ చెట్టుకు తిండి లాగే సన్న వేర్లు పైపైనే పరుచుకుని ఉంటాయి. కలుపు కనబడినప్పుడల్లా రోటావేటర్ దింపితే ఆ వేర్లు తెగుతాయి, తెగిన గాయాల గుండా వేరుకుళ్లు, బంక తెగులు లోపలికి వస్తాయి. అందుకే రోటావేటర్ సాలు నడుమ మాత్రమే, అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు. మిగతా రోజుల్లో స్లాషర్ (బ్లేడు తిప్పి గడ్డి కోసే సామాను) తగిలించి వయ్యారిభామ, గరిక, తుంగ అన్నీ నాలుగు అంగుళాల ఎత్తున కోసి అక్కడే పడేస్తే నేలలో తేమ నిలుస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే బాగా కురిసిందనుకునే మన అనంతపురం జిల్లాలో ఆ తేమ చిన్న విషయం కాదు. పైగా రోటావేటర్ ఒక్కసారి డ్రిప్ పైపును చుట్టుకుంటే మధ్యాహ్నమంతా కత్తి పట్టుకుని బండి కింద పడుకోవాల్సిందే.

ఇక హెచ్‌పీ, అంటే ఇంజన్ బలం. గార్లదిన్నె, బుక్కరాయసముద్రం వైపు ఎర్ర గరుసు నేలల్లో మూడడుగుల రోటావేటర్‌కు, స్లాషర్‌కు 15 నుంచి 18 హెచ్‌పీ సరిపోతుంది. స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 లాంటివి 15 హెచ్‌పీ, సింగిల్ సిలిండర్. మోత ఎక్కువ, అదురు ఎక్కువ, కానీ ఊళ్లోని ఏ మేస్త్రీ అయినా విప్పి బిగించగలడు. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడిలో అయితే 24 హెచ్‌పీ, నాలుగు చక్రాలకూ పవర్ ఉన్నది చూడండి. కుబోటా బి2441, మహీంద్రా జీవో 245 ఆ కోవలోవి. పవర్ స్ప్రేయర్, బ్లోయర్ లాగాలన్నా ఇవే నయం. కుబోటాలో మూడు సిలిండర్లు కాబట్టి నున్నగా నడుస్తుంది. అయితే ముందు చక్రాల గేర్లు పాడైతే బిల్లు కూడా గట్టిగానే వస్తుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు అనంతపురంలో ఆ కంపెనీ స్పేర్ పార్టుల షాపుకు పోయి మూడింటి ధర అడగండి: క్లచ్ ప్లేటు, హైడ్రాలిక్ పంపు, ముందు ఇరుసు ఆయిల్ సీలు. "తెప్పించాలి సార్, పది రోజులు పడుతుంది" అన్నారంటే కాయ మీద పురుగున్న పది రోజులూ మీ బండి షెడ్డులోనే ఉంటుందని అర్థం.

పొద్దున్నే పోండి, చెప్పకుండా పోండి

అమ్మేవాడు "పదింటికి రా అన్నా" అంటే మీరు ఏడింటికి పోండి. పోగానే చేయి ఇంజన్ మీద పెట్టండి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టాడని అర్థం. అప్పుడు గొడవ వద్దు, "సరే అన్నా, సాయంత్రం వస్తా, అందాకా ముట్టొద్దు" అని చెప్పి వచ్చేయండి. ఈ ఒక్క పని చేయనందుకే నేను దెబ్బతిన్నాను. నా మొదటి బండి వాళ్ల ఇంటి ముందు తాళంచెవి తిప్పగానే లేచింది. మా ఊరికి తెచ్చిన మర్నాడు ఉదయం అరగంట మొత్తుకున్నా లేవలేదు, తోసి స్టార్ట్ చేయాల్సి వచ్చింది.

స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఈ పని చేయాలి, వేడి మీద తీస్తే నీళ్లు మొహాన కొడతాయి. మూత లోపలి వైపు, గొట్టం అంచున వేలితో రుద్ది చూడండి. మన జిల్లాలో బోరు నీళ్లు ఎంత ఉప్పో మీకు తెలుసు, బిందె అడుగున తెల్లగా పేరుకునేది అదే. అట్లాంటి తెల్లటి పెచ్చు ఇక్కడ కనబడితే, ఆ బండికి ఏళ్ల తరబడి కూలెంట్ లేకుండా బోరు నీళ్లే పోశారన్నమాట. లోపలి సన్న గొట్టాలు సగం పూడిపోయి ఉంటాయి. ఎండాకాలం 42 డిగ్రీల ఎండలో రోటావేటర్ దింపితే పావుగంటకే ఇంజన్ ఉడుకుతుంది, ఆ తర్వాత హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజన్ పైభాగం కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పలక) పోతుంది. నీళ్ల మీద నూనె తెర తేలుతుంటే గ్యాస్‌కెట్ అప్పటికే పోయిందని అనుమానించాలి. నా బండికి ఈ రెండూ ఉన్నాయి. మూత తీసే తెలివి లేనందుకు రేడియేటర్, హెడ్ పనికి కలిపి 38 వేలు కట్టాను.

తర్వాత డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ) లాగండి. ఆయిల్ నల్లగా ఉంటే పర్వాలేదు, డీజిల్ ఇంజన్‌లో అది మామూలే. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. గేర్ ఆయిల్ కూడా ఇట్లాగే చూడండి. మడి దమ్ముకు దించిన బండి అయితే సీళ్లలోంచి నీళ్లు అక్కడికే దిగుతాయి.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మాత్రం కాస్త మొండికేయండి. ఫిల్టర్ నుంచి ఇంజన్‌లోకి పోయే రబ్బరు గొట్టం విప్పమని అడగండి. అమ్మేవాడు చిరాకు పడతాడు, పడనీయండి. ఆ గొట్టం లోపల తెల్లగుడ్డ కట్టిన వేలు తిప్పండి. గుడ్డకు ఎర్రదుమ్ము అంటితే ఇంజన్ ఇన్నాళ్లూ దుమ్ము పీల్చిందని తెలిసిపోతుంది. వేరుశనగ కాయ ఒలిచే మిషన్ దగ్గర పీటీఓ మీద నడిచిన బండ్లకు ఈ జబ్బు ఎక్కువ. దుమ్ము లోపలికి పోయిన ఇంజన్‌కు పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ ఆడే లైనరు అరిగి ఉంటాయి. పైన ఎంత రంగు వేసినా ఆ గుడ్డ దాయదు.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మొదట కాస్త తెల్లపొగ వచ్చి రెండు నిమిషాల్లో పోతే భయం లేదు. తెల్లపొగ పోకుండా వస్తూనే ఉంటే లోపలికి నీళ్లు చేరుతున్నాయేమోనని అనుమానించాలి. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది, రింగుల పని. నల్లపొగ బరువు మీద కొద్దిగా రావచ్చు, ఖాళీగా నిలబడినప్పుడే వస్తుంటే ఇంజెక్టరో ఎయిర్ ఫిల్టరో చూపించాలి.

ఇంజన్ మెల్లగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి, అదే మూతను బోర్లా రంధ్రం మీద ఉంచండి. మూడు సిలిండర్ల బండిలో అది కదలకుండా, లేదా సన్నగా వణుకుతూ ఉండాలి. గెంతి పడిపోతే, గుప్పుగుప్పుమని పొగ చిమ్మితే రింగులు అరిగాయి. సింగిల్ సిలిండర్ బండిలో మాత్రం ఈ పరీక్షను నమ్ముకోకండి. ఒక్క పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా గాలి కొట్టుకోవడం మామూలే, మంచి ఇంజన్‌లో కూడా మూత ఆడుతుంది. అక్కడ పొగ ఎంతుందో, ఆయిల్ తుంపర్లు ఎంత పడుతున్నాయో చూడాలి. తెలియకపోతే మంచి బండిని వదిలేసుకుంటారు.

మీటర్ చెప్పేది, బండి చెప్పేది

అవర్ మీటర్ మీద 600 గంటలని ఉంటుంది. బండి ఏడేళ్లది. ఏడాదికి 300 గంటలు తిరిగినా 2,100 కావాలి. మీటర్ మార్చడం పెద్ద పనేం కాదు కాబట్టి మీటర్ కన్నా క్లచ్ పెడల్‌ను నమ్మండి. పెడల్ మీది గీతలు నున్నగా అరిగిపోయి, అడుగు పెట్టే చోట ఇనుము మెరుస్తుంటే 600 గంటలు అబద్ధం. వెనక ట్రాలీ పిన్ను దూర్చే రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డు ఆకారంలో సాగిందా చూడండి. సాగిందంటే ఇసుకో రాళ్లో బాగా లాగిన బండి. తోట పనికి వాడిన బండికి ట్రాలీ బరువు ఇంత పడదు.

టైర్ల మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2219 అంటే 2019లో 22వ వారం తయారైంది. నాలుగు చక్రాల పవర్ ఉన్న బండికి వెనక టైర్లు మాత్రమే కొత్తవి వేసి, ముందు అరిగినవి ఉంచారంటే లోపలి గేర్ల మీద ఒత్తిడి పడి ఉంటుంది. ఈ బండ్లకు ముందు టైరు, వెనక టైరు లెక్కప్రకారం జతగా ఉండాలి. ఇంకొక మాట, బండి కిందికి వంగి ముందు ఇరుసుకు పోయే షాఫ్టు అసలు ఉందో లేదో చూడండి. నవ్వకండి. గేర్లు విరిగాక ఆ షాఫ్టు ఊడదీసి, లివర్ మాత్రం ఉంచి "ఫోర్ వీలే అన్నా" అని అమ్మినవాళ్లున్నారు. మెత్తటి దుక్కిలో పెట్టి లివర్ వేయించండి, ముందు చక్రాలు మట్టి తోడాలి.

ముందు చక్రం జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బేరింగో బుష్షో వదులైంది. బుష్ అయితే చిన్న ఖర్చే.

తోటలో గంటసేపు

ఇంటి ముందు గుండ్రంగా తిప్పి చూపిస్తే బండి చూసినట్టు కాదు. రోటావేటర్ తగిలించి గంటసేపు పని చేయించాలి, డీజిల్ డబ్బులు మీరే ఇవ్వండి. బాగా వేడెక్కాక రోటావేటర్‌ను పైకి లేపి ఇంజన్ ఆపేయండి. పక్కన కూర్చుని ఒక టీ తాగండి. లేచేలోగా రోటావేటర్ నేలకు ఆనితే లిఫ్ట్ లోపల సీళ్లు పోయాయి. ఇంజన్ నడుస్తుండగా లేపి ఉంచినప్పుడు అది ఎక్కిళ్లు పెట్టినట్టు పైకీ కిందికీ ఎగురుతున్నా అదే జబ్బు. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఈ లోపం కనబడదు. అందుకే వేడెక్కాక చూడమంటున్నాను.

స్లాషర్ వాడేవాళ్లు పీటీఓ దగ్గర ఇంకాస్త ఆగాలి. చాలా చిన్న బండ్లకు సింగిల్ క్లచ్. క్లచ్ తొక్కితే బండీ ఆగుతుంది, పీటీఓ కూడా ఆగుతుంది. స్లాషర్‌కు బరువైన బ్లేడు ఉంటుంది కదా, మీరు క్లచ్ తొక్కినా అది వెంటనే ఆగదు. ఆ తిరుగుడు వెనక్కి గేర్‌బాక్స్‌లోకి వచ్చి బండిని ముందుకు తోస్తుంది. సాలు చివర కంచె ముందు మీరు క్లచ్ తొక్కారు, బండి మాత్రం ఇంకో రెండు మూడడుగులు జరిగింది. మొదటిసారి గుండె జల్లుమంటుంది. దీనికి ఓవర్‌రన్ కప్లింగ్ అనే చిన్న సామాను పీటీఓ షాఫ్టుకు తగిలించుకుంటే బ్లేడు తిరుగుడు వెనక్కి రాదు. డబుల్ క్లచ్ బండి దొరికితే ఇంకా మేలు, బండి ఆపినా పీటీఓ నడుస్తుంది, దట్టమైన గడ్డిలో ఇది బాగా ఉపయోగం. పీటీఓ నిమిషానికి 540 చుట్ల వేగం అందుకోవాలంటే ఇంజన్‌ను ఎంత పెంచాలో మీటర్ మీద గుర్తు ఉంటుంది. ఆ వేగంలో పెట్టి అన్నిటికన్నా చిన్న గేర్‌లో నడపండి. మనిషి మెల్లగా నడిచినంత నిదానంగా పోగలిగితేనే గడ్డి నున్నగా తెగుతుంది.

పీటీఓ షాఫ్టును ఇంజన్ ఆపి, చేత్తో పట్టుకుని ఊపండి. నడిచేటప్పుడు దాని దగ్గరికి లుంగీతో, తువ్వాలతో పోవద్దు. షాఫ్టు మీద ప్లాస్టిక్ గార్డు లేకపోతే ఎవరి బండైనా సరే, ముందు అది కొనిపెట్టండి.

సాలు చివర తిప్పేటప్పుడు కుడి బ్రేకు ఒక్కటే, ఎడమ బ్రేకు ఒక్కటే తొక్కి తిప్పండి. రెండూ సమానంగా పట్టాలి. జేబులో కాగితం ఉంది కదా, కంచె దాకా మీరు రాసుకున్న జాగాలో బండి తిరిగిందా లేదా ఇక్కడే తేల్చుకోండి.

కాగితాలు

నంబర్‌ను ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఓనర్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తుంది. "కంతులన్నీ కట్టేశా" అన్న మాట కాదు, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేసి ఉండాలి. లేకపోతే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవాడి సంతకాలు మీ కళ్ల ముందే పెట్టించుకోండి. రాష్ట్రంలోపల అమ్మకమైతే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మారాలి, దానికి 14 రోజులు.

మన జిల్లాకు బళ్లారి, పావగడ పక్కనే కాబట్టి కేఏ నంబర్ (కర్ణాటక) బండ్లు బాగా వస్తాయి. ధర తక్కువ చెబుతారు. అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ లేకుండా తీసుకోవద్దు. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకోవాలంటే మన నంబర్ వేయించుకోవాలి. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీలోని నంబర్‌తో పోల్చుకోండి. ట్రాలీ కూడా కలిపి ఇస్తుంటే దానికి వేరే ఆర్‌సీ ఉందేమో అడగండి.

బేరం

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు కొన్నవాడు తాను కొన్న ధరను పట్టుకుని లెక్క చెబుతాడు. ఆ లెక్క మీకు అనవసరం. ముందే షోరూంలో ఈరోజు అదే మోడల్ ధర రాయించుకుని పోండి, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీకు కనబడిన లోపాలను ఒక్కొక్కటిగా, మేస్త్రీ చెప్పిన ఖర్చుతో సహా చెప్పండి. మేస్త్రీని మీరే తీసుకుపోండి, దారి ఖర్చూ కూలీ మీరే ఇవ్వండి. అమ్మేవాడు పిలిపించిన మేస్త్రీ ఎవరి మనిషో చెప్పక్కర్లేదు. సీళ్లు, బుష్‌లు, టైర్లు, బ్యాటరీ, సైలెన్సర్ ఇవన్నీ బేరానికి పనికొచ్చే లోపాలు. గొట్టంలో ఎర్రదుమ్ము, ఆయిల్‌లో నీళ్లు కనబడితే మాత్రం ధర ఎంత తగ్గించినా బేరం ఆడొద్దు, టీ తాగి వచ్చేయండి.

బండి ఇంటికి చేరిన రోజే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ మార్చేయండి, పాతవి ఎప్పుడు మార్చారన్న చర్చ వద్దు. రేడియేటర్ ఖాళీ చేసి కడిగించి, కూలెంట్‌లో కలపడానికి బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. మా ఇంట్లో ఆ క్యాన్ మీద మా ఆవిడ పెద్ద అక్షరాలతో "ట్రాక్టర్‌ది, తాగొద్దు" అని రాసిపెట్టింది.